ఎర్రగా కనిపించేదంతా రక్తనాళమేనా? మైక్రో సీటీ చిత్రాల వెనుక ఉన్న లెక్క

క్లుప్తంగా

జంతువుల కిడ్నీ, గుండె, మెదడు వంటి అవయవాల్లో రక్తనాళాలు చెట్టు కొమ్మల్లా విరబూసినట్టు చూపే త్రీడీ బొమ్మలు ఇప్పుడు పాఠాల్లో, పరిశోధన పత్రాల్లో తరచూ కనిపిస్తున్నాయి. వాటిలో చాలావాటిని ఎక్స్‌రేలో తెల్లగా మెరిసే కాంట్రాస్ట్ పదార్థం వాడి, మైక్రో సీటీ యంత్రంతో, అంటే చాలా చిన్న వివరాలు చూపగల సీటీ స్కానర్‌తో తీస్తారు. ఆ బొమ్మలో ఉండేది నేరుగా రక్తనాళం కాదు. నాళంలోకి ఎక్కించిన పదార్థం ఎక్కడిదాకా చేరిందో అక్కడిదాకా పడిన అచ్చు అది. కొమ్మ కనిపించకపోతే అక్కడ నాళం లేకపోయి ఉండవచ్చు, పదార్థం చేరకపోయి ఉండవచ్చు, యంత్రం కంటికి అందనంత సన్ననిదై ఉండవచ్చు. ఈ మూడింటి తేడా తెలియకుండా బొమ్మను చదివితే తప్పు నిర్ణయానికి వస్తాం. ఆ తేడా ఎక్కడ పుడుతుందో, ఎలా పట్టుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

కార్జం ముక్క చెప్పేది, చెప్పనిది

తిరుపతిలో ఏ మటన్ అంగడి దగ్గరైనా కార్జం కోసేటప్పుడు కాసేపు గమనిస్తే, కోసిన ముఖం మీద చిన్నా పెద్దా రంధ్రాలు కనిపిస్తాయి. కొన్నిటి చుట్టూ తెల్లటి గట్టి అంచు ఉంటుంది. కొన్నిటికి అంచు ఉందో లేదో తెలియనంత పల్చగా ఉంటుంది. అంచు ఉన్నవి పేగుల నుంచి రక్తాన్ని కార్జానికి తెచ్చే పోర్టల్ సిర కొమ్మలు. వాటి పక్కనే సన్నటి ధమని, పైత్యనాళం కూడా నడుస్తాయి. పల్చటివి రక్తాన్ని తిరిగి గుండె వైపు తీసుకుపోయే సిరలు. ఒక్క కోతలో ఇంత తెలుస్తుంది గానీ, ఈ రంధ్రం లోపల ఏ రంధ్రంతో కలుస్తుందో మాత్రం తెలియదు. అది తెలియాలంటే ఆ కింద ముక్క, దాని కింద ముక్క, అలా మొత్తం కోసి వరుసగా పేర్చి చూడాలి.

ల్యాబుల్లో చాలాకాలంగా చేస్తున్నది ఈ పనే. కణజాలాన్ని మైనంలో పోసి, సుమారు 5 మైక్రాన్ల మందంతో రేకుల్లా కోసి, రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెడతారు. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. సెంటీమీటరు పొడవున్న చిట్టెలుక కిడ్నీని అలా పూర్తిగా కోస్తే 2,000 రేకులు వస్తాయి. మధ్యలో పది రేకులు చిరిగినా, ముడత పడినా అక్కడ నాళం దారి తెగిపోతుంది. కోయకుండానే లోపలి దారులన్నీ చూడగలగడం మైక్రో సీటీకి ఉన్న అసలు బలం.

ధమని చివర, సిర మొదలు ఎక్కడ కలుస్తాయన్న ప్రశ్న చాలా పాతది. రక్తం గుండె నుంచి బయలుదేరి తిరిగి గుండెకే చేరుతుందని విలియం హార్వే 1628లో వాదించాడు గానీ, ఆ రెండు వైపులనూ కలిపే దారిని ఆయన చూడలేదు. 1661లో మార్సెల్లో మాల్పీగీ కప్ప ఊపిరితిత్తుల్లో మైక్రోస్కోపుతో కేశనాళికలను చూశాకే ఆ ఖాళీ పూడింది. ఇప్పటి మైక్రో సీటీ చిత్రాల్లో కూడా ఎక్కువగా మసకబారేది సరిగ్గా ఆ చోటే.

ఎక్స్‌రేకు నెత్తురు ఎందుకు కనిపించదు

ఎక్స్‌రే ఫిల్ములో ఎముక తెల్లగా పడుతుంది, కండ బూడిద రంగులో పడుతుంది, రక్తనాళం మాత్రం విడిగా కనిపించదు. కారణం పరమాణువుల్లో ఉంది. తక్కువ శక్తి ఉన్న ఎక్స్‌రేలను ఒక పదార్థం ఎంత పీల్చుకుంటుందనేది దానిలోని మూలకాల పరమాణు సంఖ్యకు దాదాపు ఘనం లెక్కన పెరుగుతుంది. రక్తమైనా కండ అయినా ఎక్కువ భాగం నీరే. మిగిలినదాంట్లోనూ హైడ్రోజన్, కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్‌లదే పెద్ద వాటా. వాటి సంఖ్యలు 1, 6, 7, 8. ఎముకలోని కాల్షియం సంఖ్య 20, అందుకే ఎముక విడిగా తెలుస్తుంది. రక్తానికీ, దాన్ని మోసే గొట్టానికీ, చుట్టూ ఉన్న కండకూ మధ్య ఎక్స్‌రే దృష్టిలో చెప్పుకోదగ్గ తేడా లేదు.

కాబట్టి తేడాను బయటి నుంచి తెచ్చి పెట్టాలి. అయోడిన్ సంఖ్య 53, బేరియం 56, సీసం 82, బిస్మత్ 83. వీటిలో ఏదైనా నాళం లోపలికి చేరితే ఆ నాళం చుట్టుపక్కల కండకంటే ఎన్నో రెట్లు తెల్లగా మెరుస్తుంది. అయోడిన్‌కు ఇంకో అనుకూలత ఉంది. ఎక్స్‌రే శక్తి 33.2 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు దాటగానే అది పీల్చుకునే మోతాదు ఒక్కసారిగా ఎగబాకుతుంది. బేరియంకు అదే మెట్టు 37.4 దగ్గర వస్తుంది. ల్యాబ్ మైక్రో సీటీ గొట్టాలు వెలువరించే ఎక్స్‌రేల్లో ఎక్కువ భాగం ఈ చుట్టుపక్కలే ఉండడం వల్ల ఈ రెండూ బాగా పనిచేస్తాయి.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. రాంట్‌జెన్ 1895 నవంబరులో ఎక్స్‌రేలను కనుగొన్నాడు. రెండు మూడు నెలలు తిరక్కుండానే, 1896 జనవరిలో, వియన్నాలో హాషెక్, లిండెన్‌తాల్ అనే ఇద్దరు ఒక శవం చేతి నాళాల్లోకి సున్నం, ఇంగిలీకం, పెట్రోలియం కలిపిన ముద్దను ఎక్కించి ఎక్స్‌రే తీశారు. ఒక్క చిత్రానికి 57 నిమిషాలు పట్టింది. ఇంగిలీకంలో పాదరసం ఉంటుంది, దాని పరమాణు సంఖ్య 80. ఈనాటి మైక్రో సీటీ ల్యాబులో జరిగేది కూడా మూలంలో అదే పని. మారినవి ఎక్కించే పదార్థం, చిత్రం తీసే తీరు.

హాస్పిటల్ సీటీ, మైక్రో సీటీ: ఒకే సూత్రం, వేరే కొలత

సీటీ అంటే ఒకే వస్తువును అనేక కోణాల నుంచి ఎక్స్‌రే తీసి, ఆ నీడలన్నిటినీ కంప్యూటరుతో కలిపి లోపలి రూపాన్ని తిరిగి కట్టడం. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ తయారు చేసిన యంత్రంతో మొదటిసారి ఒక రోగికి 1971 అక్టోబరులో లండన్‌లో మెదడు స్కాన్ తీశారు. మైక్రోస్కోపు స్థాయికి ఈ పద్ధతిని దింపింది ఎలియట్, డోవర్ అనే పరిశోధకులు. వాళ్లు 1982లో సుమారు 12 మైక్రాన్ల స్పష్టతతో చూపింది ఒక చిన్న నత్తగుల్లను. 1984లో ఫోర్డ్ కార్ల కంపెనీలో పనిచేస్తున్న ఫెల్డ్‌క్యాంప్, సహచరులతో కలిసి శంఖాకారపు ఎక్స్‌రే ధార నుంచి త్రీడీ రూపం కట్టే లెక్కను ప్రచురించాడు. కారు భాగాల్లో వాడదలచిన సెరామిక్‌లలో పగుళ్లు పట్టుకోవడం కోసం సాగిన ఆ పని, ఇవాళ చిట్టెలుక కిడ్నీ చూడడానికి ఆధారమైంది.

హాస్పిటల్ స్కానింగ్ గదిలో మనిషి కదలకుండా పడుకుంటే ఎక్స్‌రే గొట్టం చుట్టూ తిరుగుతుంది. ల్యాబ్ మైక్రో సీటీలో ఎక్కువగా గొట్టం కదలదు. చిన్న తిరుగుడు పీట మీద నమూనా కొద్దికొద్దిగా తిరుగుతుంది. ఒక్కో కోణంలో ఒక చిత్రం చొప్పున వందలు, ఒక్కోసారి వేలు తీస్తారు. కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటలదాకా పడుతుంది. హాస్పిటల్ సీటీ చూడగలిగే అతి చిన్న వివరం సాధారణంగా అర మిల్లీమీటరు, అంటే 500 మైక్రాన్లు. మైక్రో సీటీలో అది 50 మైక్రాన్ల నుంచి ఒకటి రెండు మైక్రాన్ల వరకు దిగుతుంది. చిట్టెలుక శరీరంలో అన్నిటికంటే పెద్ద ధమని మందమే దాదాపు ఒక మిల్లీమీటరు. ఊళ్లో స్కానింగ్ సెంటర్లో ఎంత ఖరీదైన యంత్రం ఉన్నా చిట్టెలుక గుండె ధమనులను అది చూడలేకపోవడానికి కారణం ఈ కొలతే.

అయితే ఇక్కడ ఒక బేరం ఉంది. స్పష్టత కావాలంటే పరిమాణం వదులుకోవాలి. ఎక్స్‌రే నీడను పట్టే డిటెక్టర్‌లో వరుసకు 2,000 గడులున్నాయి అనుకుందాం. సెంటీమీటరు వెడల్పున్న చిట్టెలుక కిడ్నీ దానిలో నిండుగా పడితే, ఒక్కో త్రీడీ గడి 5 మైక్రాన్లు అవుతుంది. ఈ గడినే వోక్సెల్ అంటారు. అదే యంత్రంలో 8 సెంటీమీటర్ల గొర్రె కిడ్నీ పెడితే గడి 40 మైక్రాన్లు అవుతుంది. ఒక నాళాన్ని నమ్మకంగా చూశామని చెప్పాలంటే దాని అడ్డుకొలతలో కనీసం రెండు మూడు గడులు పట్టాలి. అంటే చిట్టెలుకలో 10, 15 మైక్రాన్ల నాళం దాకా, గొర్రెలో 80, 120 మైక్రాన్ల నాళం దాకా మాత్రమే భరోసా. కేశనాళికల మందం 5 నుంచి 10 మైక్రాన్లు. గొర్రె కిడ్నీని మొత్తంగా స్కాన్ చేసి కేశనాళికలు చూశామని ఎవరైనా రాస్తే, ఆ వాక్యాన్ని ఈ లెక్క పక్కన పెట్టి చూడాలి. చిట్టెలుక కిడ్నీలో రక్తం వడగట్టే గ్లోమెరులస్ ఉండలు పదుల మైక్రాన్ల పరిమాణంలో ఉంటాయి కాబట్టి ఉండగా కనిపిస్తాయి, లెక్కపెట్టవచ్చు కూడా. ఆ ఉండలోపలి దారపు చుట్టలు మాత్రం విడివిడిగా తెలియవు.

నాళాలు నింపడం: డ్రిప్ పైపుల పాఠం

చిత్తూరు జిల్లా మామిడి తోపుల్లో డ్రిప్ వేసిన రైతుకు ఈ భాగం వెంటనే అర్థమవుతుంది. మెయిన్ పైపు, దాని నుంచి సబ్ మెయిన్, దాని నుంచి లేటరల్, చివర డ్రిప్పర్. ఒక చెట్టు మొదలు ఎండిపోయి ఉంటే అక్కడ పైపు వేయలేదని ఏ రైతూ అనుకోడు. బోరు నీళ్ల ఉప్పు పట్టి డ్రిప్పర్ మూసుకుపోయిందా, మధ్యలో గాలి చేరిందా, మోటారు ప్రెజర్ చివరిదాకా అందలేదా, ఎక్కడైనా పైపు పగిలిందా అని చూస్తాడు. మైక్రో సీటీ చిత్రంలో కొమ్మ లేని చోటును కూడా అలాగే చూడాలి.

పని జరిగే క్రమం ఇది. జంతువుకు లోతైన మత్తు ఇస్తారు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. గుండె ఎడమ గది లేదా బృహద్ధమనిలోకి సన్నటి గొట్టం పెట్టి, బయటికి దారి కోసం కుడి కర్ణికను కోస్తారు. సెలైన్ పంపితే మొదట ఎర్రగా, తర్వాత లేత గులాబీ రంగులో, చివరికి తేటగా ద్రవం బయటకొస్తుంది. నాళాలు ముడుచుకోకుండా వాటిని సడలించే మందు కలుపుతారు. కణజాలం చెడకుండా ఫార్మాల్డిహైడ్ ద్రావణం పంపుతారు. ఆ తర్వాతే కాంట్రాస్ట్ పదార్థం. దాన్ని శరీరంలోని రక్తపోటుకు దగ్గరగా, సుమారు 100 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడితో ఎక్కిస్తారు. అది లోపలే గట్టిపడాలి, లేకపోతే అవయవాన్ని కోసి బయటికి తీయగానే కారిపోతుంది.

ఇందులో ప్రతి మెట్టూ చిత్రం మీద తన ముద్ర వేస్తుంది. సెలైన్ సరిగా పంపకపోతే మిగిలిన రక్తం గడ్డకట్టి కొమ్మను మూసేస్తుంది. సిరంజిలో బుడగ ఉంటే నాళం మధ్యలో నల్లటి ఖాళీ వస్తుంది, చూసేవారికి అది నాళం తెగినట్టు ఉంటుంది. ఒత్తిడి తక్కువైతే పదార్థం చిన్న కొమ్మల దాకా పోదు. ఎక్కువైతే సన్నటి గోడ పగిలి, చుట్టుపక్కల కణజాలంలో ఉండలా చేరుతుంది. ఆ ఉండను కొత్తగా పుట్టిన నాళాల గుంపుగా పొరబడే ప్రమాదం చిన్నది కాదు. క్యాన్సర్ గడ్డల విషయంలో ఇది మరీ కష్టం. గడ్డలో పుట్టే కొత్త నాళాలు సహజంగానే లీకవుతాయి. కారిన మచ్చ జబ్బు వల్ల వచ్చిందా, ఒత్తిడి వల్ల వచ్చిందా అని ఆ ఒక్క చిత్రం చూసి తేల్చలేం.

చిత్రంలోని ఎరుపు రంగు గురించి కూడా ఒక మాట. యంత్రం ఇచ్చేది నలుపు, తెలుపు, మధ్యలో బూడిద ఛాయలు మాత్రమే. ఎరుపు తర్వాత కంప్యూటరులో వేసింది. ధమనులకు ఎరుపు, సిరలకు నీలం వేసి ఉంటే ఆ విభజన చేసింది ఎక్కువగా కొమ్మల దారి పట్టుకుని వెళ్లిన మనిషి, లేదా అతని సాఫ్ట్‌వేర్.

ఏ పదార్థం, ఎందుకు

చాలాకాలంగా వాడుకలో ఉన్న పేరు మైక్రోఫిల్. ఇది సిలికోన్ రబ్బరు. అందులో సీసం ఉండే లెడ్ క్రోమేట్ కలిసి ఉంటుంది. పలచగా పారి, కేశనాళికల గుండా సిరల వైపుకూ దాటి, గంటన్నరలో గట్టిపడుతుంది. లెడ్ క్రోమేట్ అంటే పసుపులో కల్తీకి కలుపుతారని ఆహార భద్రతా అధికారులు హెచ్చరించే ఆ పచ్చటి పొడే. ల్యాబులో దాన్ని చేతి తొడుగులతో పట్టుకోవడానికి, మిగిలింది సింకులో పారబోయకపోవడానికి కారణం చెప్పక్కర్లేదు.

బేరియం సల్ఫేట్‌ను జెలటిన్‌లో కలిపి వాడడం మరో దారి. హాస్పిటల్లో కడుపు ఎక్స్‌రేకు తాగించే బేరియం ఇదే. వేడిగా ఉన్నప్పుడు ద్రవం, చల్లారితే జెల్లీ. కాబట్టి జంతువును, గొట్టాలను, ద్రవాన్ని అన్నిటినీ వెచ్చగా ఉంచాలి. ఏసీ గదిలో పని నెమ్మదిగా సాగితే సగం దారిలోనే గడ్డకడుతుంది. బేరియం ద్రవంలో కరగదు, రేణువులుగా ఉంటుంది. రేణువులు ముద్దకడితే సన్నటి నాళం మొదట్లోనే ఆగిపోతాయి. అందువల్ల ఇది ఎక్కువగా ధమనుల వైపు చిత్రం ఇస్తుంది. ఒక ప్రయోగంలో మైక్రోఫిల్, ఇంకో ప్రయోగంలో బేరియం వాడి, రెండిటిలో నాళాల మొత్తం ఘనపరిమాణాన్ని పోల్చడం సరికాదు. ఒకదాంట్లో సిరలు ఉన్నాయి, ఇంకోదాంట్లో లేవు. బిస్మత్ కలిపిన మిశ్రమాలు, అయోడిన్ కలిపిన పాలీయురెథేన్ రెసిన్లు ఇటీవల వచ్చాయి. సీసం లేకపోవడం వాటి మొదటి మేలు.

ఎముకలో నాళాలు చూడాలంటే ఇంకో చిక్కు. ఎముకలోని కాల్షియం కూడా తెల్లగానే పడుతుంది, రెంటికీ మధ్య గీత గీయడం కష్టం. నాళాలు నింపిన తర్వాత ఎముకను వారాల తరబడి ఈడీటీఏ ద్రావణంలో నానబెట్టి కాల్షియం తీసేసి, అప్పుడు మళ్లీ స్కాన్ చేస్తారు. విరిగిన ఎముక అతుక్కునేటప్పుడు నాళాలు ఎలా చొచ్చుకొస్తాయో ఈ దారిలోనే చూశారు.

నింపకుండా రంగు పట్టించడం

గుండె ఆగి చాలాసేపైన జంతువులో, మ్యూజియం సీసాలో ఏళ్లుగా ఉన్న నమూనాలో నాళాలను నింపడం కుదరదు. అక్కడ వాడేది రంజనం. శ్రీకాళహస్తి కలంకారీ దీనికి దగ్గరి పోలిక. కరక్కాయలో తడిపిన బట్ట మీద ఎర్ర రంగు రావలసిన చోట పటిక నీళ్లు రాస్తారు. తర్వాత బట్ట మొత్తాన్ని రంగులో ఉడికించినా, ఎరుపు నిలిచేది పటిక ఉన్న చోటే. కణజాలంలో కూడా ఫాస్ఫోటంగ్‌స్టిక్ ఆమ్లం ప్రోటీన్లు దట్టంగా ఉన్న చోట గట్టిగా పట్టుకుంటుంది. టంగ్‌స్టన్ పరమాణు సంఖ్య 74, కాబట్టి అక్కడ తెల్లగా పడుతుంది. లూగోల్ ద్రావణంలోని అయోడిన్ కూడా కండ, కొవ్వు, నరం, రక్తం అన్నిటికీ ఒకేలా పట్టదు. ఆ తేడాయే చిత్రం.

ఇక్కడ నాళం కనిపించే తీరు తలకిందులవుతుంది. లోపల రక్తం మిగిలి ఉన్న నాళం మెరుస్తుంది. ఖాళీగా ఉన్నది నల్లటి సొరంగంలా ఉంటుంది. ఒకే అవయవంలో ఒకే నాళం సగం తెల్లగా, సగం నల్లగా ఉండవచ్చు. కంప్యూటరు తనంతట తాను దాన్ని పట్టుకోలేదు, మనిషి కూర్చుని గీయాలి. పెద్ద అణువైన ఫాస్ఫోటంగ్‌స్టిక్ ఆమ్లం లోపలికి ఇంకడానికి రోజులు, నమూనా పెద్దదైతే వారాలు పడుతుంది. లూగోల్ త్వరగా ఇంకుతుంది గానీ, గాఢత ఎక్కువైతే కణజాలం గణనీయంగా కుంచించుకుపోతుంది. రంగు పోగొట్టాలంటే అయోడిన్‌కు సోడియం థయోసల్ఫేట్ వాడతారు. పాత ఫోటో స్టూడియోల్లో హైపో అని పిలిచిన ఆ ఉప్పే. ఒకే ఒక నమూనా ఉన్నప్పుడు ఈ తిరుగుదారి చాలా విలువైనది. శేషాచలం కొండల్లో కనిపించే బంగారు బల్లి లాంటి రక్షిత జీవిని పరీక్ష కోసం కొత్తగా పట్టి కోయడం కుదిరే పని కాదు. సీసాలో ఉన్న పాత నమూనానే చెడకుండా చూడగలిగితే అదే పెద్ద లాభం.

చిన్న తప్పు, పెద్ద లెక్క

నాళాల చిత్రంతో చాలామంది చివరికి తేల్చాలనుకునేది ప్రవాహం. ఒక గొట్టంలో ద్రవం ఎంత సులువుగా పారుతుందన్నది దాని వ్యాసార్ధానికి నాలుగో ఘాతంతో మారుతుంది. వ్యాసార్ధాన్ని పది శాతం ఎక్కువగా కొలిస్తే ప్రవాహం లెక్క 46 శాతం ఎక్కువ వస్తుంది. 20 మైక్రాన్ల నాళాన్ని 10 మైక్రాన్ల గడులతో స్కాన్ చేశారనుకుందాం. అంచున ఉన్న ఒక్క గడి లోపలిదా, బయటిదా అన్న సందేహంతో ఆ నాళం 30 మైక్రాన్లుగా లెక్కకెక్కితే, ప్రవాహం ఐదు రెట్లు పెరిగిపోతుంది. జంతువులో ఏమీ మారలేదు, ఒక గడి రంగు మారింది.

ఆ గడి రంగును నిర్ణయించేది థ్రెషోల్డ్. ఇంతకంటే తెల్లగా ఉంటే నాళం, లేకపోతే కాదు అని ఒక సంఖ్య పెట్టడమే అది. సగం నాళం, సగం కండ పడిన గడి బూడిద రంగులో వస్తుంది. సంఖ్యను కాస్త దించితే నాళాలన్నీ లావెక్కుతాయి, పక్కపక్కనే ఉన్న రెండు కలిసిపోతాయి. కాస్త పెంచితే సన్నవి తెగిపోతాయి. జబ్బు ఉన్న గుంపుకూ, లేని గుంపుకూ ఒకే సంఖ్య పెట్టారా లేదా అన్నది ఆ పరిశోధన మీద ఎంత నమ్మకం పెట్టవచ్చో చెప్పే మొదటి గుర్తు.

ఒక సరిచూసుకునే దారి ఉంది. ఒక నాళం రెండుగా చీలినప్పుడు, తల్లి కొమ్మ వ్యాసార్ధపు ఘనం పిల్ల కొమ్మల వ్యాసార్ధాల ఘనాల మొత్తానికి దాదాపు సమానంగా ఉంటుందని సెసిల్ మర్రే 1926లో చూపాడు. అన్ని నాళాలూ దీన్ని పాటించవు. కానీ చిత్రంలో సన్నటి కొమ్మల దగ్గర ఈ నిష్పత్తి ఒక్కసారిగా చెడితే, అది జీవశాస్త్రపు వింత అనుకునే ముందు యంత్రపు హద్దు అయి ఉంటుందా అని చూడడం మంచిది.

ఒక చిట్టెలుక కిడ్నీ స్కాన్‌లో 2,000 గడుల చొప్పున మూడు దిక్కులా లెక్కిస్తే 800 కోట్ల గడులు. ఒక్కోదానికి రెండు బైట్లు వేసుకున్నా 16 జీబీ. మామూలు ల్యాప్‌టాప్ దాన్ని తెరవడానికే ఆపసోపాలు పడుతుంది. అందుకే చాలామంది పక్కపక్కన ఉన్న కొన్ని గడులను ఒకటిగా కలిపి చూస్తారు. అలా కలిపిన తర్వాత వచ్చిన కొలతలను, యంత్రం స్పష్టత 5 మైక్రాన్లని రాసి ప్రకటిస్తే అది సరైన మాట కాదు.

బతికున్న జంతువులో

ఒకే జంతువును వారం వారం చూడగలిగితే మరణించే జంతువుల సంఖ్య తగ్గుతుంది. జంతువుల మీద ప్రయోగాల కోసం రసెల్, బర్చ్ అనే ఇద్దరు 1959లో ప్రతిపాదించిన మూడు సూత్రాల్లో తగ్గించడం అన్నది ఒకటి. అందుకే బతికున్న జంతువుల మైక్రో సీటీకి ఇంత ఆదరణ. కానీ రెండు అడ్డంకులున్నాయి. మనుషులకు ఇచ్చే అయోడిన్ కాంట్రాస్ట్‌ను చిట్టెలుక కిడ్నీలు నిమిషాల్లో బయటికి పంపేస్తాయి, స్కాన్ మాత్రం అంతకంటే ఎక్కువసేపు పట్టవచ్చు. దీనికి జవాబుగా రక్తంలోనే గంటల తరబడి తిరిగే నానో రేణువులను తయారు చేశారు. చిట్టెలుక మొత్తం రక్తమే దాదాపు 2 మిల్లీలీటర్లు కాబట్టి, ఎక్కించే ద్రవం కూడా చుక్కల్లో లెక్కపెట్టాల్సిందే.

రెండో అడ్డంకి రేడియేషన్. చిత్రం నాణ్యత తగ్గకుండా గడి పరిమాణాన్ని సగం చేయాలంటే దాదాపు 16 రెట్ల మోతాదు కావాలి. 5 మైక్రాన్ల చిత్రం కోసం ఆ మోతాదు బతికున్న ఎలుకకు ఇస్తే, చూడాలనుకున్న గడ్డ లేదా గాయం ఆ రేడియేషన్‌కే మారిపోతుంది. పైగా నిమిషానికి ఐదారు వందల సార్లు కొట్టుకునే గుండె, ఊపిరికి కదిలే ఛాతీ చిత్రాన్ని మసకబారుస్తాయి. అందుకే బతికున్న జంతువులో సాధారణంగా దక్కేవి పదుల మైక్రాన్ల గడులే, సన్నటి నాళాల వివరం చనిపోయిన తర్వాతే.

స్కానింగ్ సెంటర్లో కాంట్రాస్ట్ ఇంజెక్షన్ వేయించుకునే రోగులకు పైన చెప్పిన సీసం, రెసిన్ గురించి టెన్షన్ అక్కర్లేదు. అక్కడ ఎక్కించేది నీటిలో కరిగి, కిడ్నీల ద్వారా బయటకుపోయే అయోడిన్ మందు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష ముందుగా అడిగేది అందుకే.

పక్క దారులు

మైక్రో సీటీకి తెలియనిది చాలా ఉంది. నాళం గోడలో ఏ కణం ఉంది, అది ఏ ప్రోటీన్ తయారు చేస్తోంది అన్నది దానికి కనిపించదు. అది తెలియాలంటే రేకులు కోసి రంజనం చేయాలి, లేదా కణజాలాన్ని పారదర్శకంగా మార్చి, పల్చటి కాంతి రేకుతో వెలిగించే లైట్‌షీట్ మైక్రోస్కోపులో చూడాలి. పారదర్శకం చేసే ద్రావణాలు కణజాలాన్ని ఉబ్బిస్తాయి లేదా కుదిస్తాయి. మంచి పద్ధతి ఏమిటంటే ముందు మైక్రో సీటీ చేసి, ఎక్కడ కోయాలో చూసుకుని, అదే ముక్కను తర్వాత కోయడం.

ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో, అతి శక్తివంతమైన ఎక్స్‌రేలు పుట్టించే సింక్రోట్రాన్ అనే భారీ యంత్రం దగ్గర ఇంకో దారి తెరుచుకుంది. అక్కడి ఎక్స్‌రే ధార ఎంత క్రమబద్ధంగా ఉంటుందంటే, కణజాలం ఎంత పీల్చుకుందన్నది కాకుండా, తరంగం ఎంత వంగిందన్నది కొలవవచ్చు. దాంతో కాంట్రాస్ట్ లేకుండానే మొత్తం మనిషి అవయవాన్ని చూసి, కావలసిన చోట మైక్రాన్ స్థాయిదాకా దిగుతున్నారు. 2021లో ప్రచురించిన ఆ పనిలో కోవిడ్ వల్ల దెబ్బతిన్న ఊపిరితిత్తి కూడా ఉంది. ఇది ప్రతి ల్యాబుకూ అందే యంత్రం కాదు, కానీ నింపడంలో జరిగే తప్పులేవో, అసలు నాళాలేవో పోల్చి చూసేందుకు ఒక కొలబద్ద దొరికింది.

గొర్రె, నీలి నాలుక, తిరుపతి

తిరుపతిలో 1955 నుంచి పశువైద్య కళాశాల ఉంది. దాన్ని కలుపుకుని 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడింది. 1960 నుంచి మెడికల్ కాలేజీ, 2015 నుంచి సైన్స్ విద్యా పరిశోధన సంస్థ ఐసర్, ఐఐటీ ఉన్నాయి. పశువు, మనిషి, భౌతికశాస్త్రం, ఇంజనీరింగ్ నాలుగూ ఒక్క ఊరి చుట్టుపక్కలే చదివే చోట ఈ పద్ధతికి సహజంగా సరిపోయే ప్రశ్నలు చాలా ఉన్నాయి.

ఒక్కటి చూద్దాం. వానలు పడ్డాక గొర్రెల మందల్లో వచ్చే నీలి నాలుక వ్యాధి అసలు రక్తనాళాల జబ్బే. చిన్న దోమల వంటి కీటకాలు మోసుకొచ్చే వైరస్, సన్నటి నాళాల లోపలి పొరను దెబ్బతీస్తుంది. నాళం లీకై మూతి, ముఖం వాస్తాయి. రక్తం సరిగా అందక కొన్ని గొర్రెల్లో నాలుక నీలం రంగుకు తిరుగుతుంది. ఆ నాలుకలో నాళాలు మూసుకుపోయాయా, పగిలాయా, ఎక్కడెక్కడ అన్నది త్రీడీలో చూడదగిన ప్రశ్న. కానీ పైన చెప్పిన చిక్కులన్నీ ఇక్కడ ఒకేసారి ఎదురవుతాయి. జబ్బు వల్లే లీకయ్యే నాళంలోకి ఒత్తిడితో పదార్థం ఎక్కిస్తే, ఆ ఒత్తిడి కొత్త లీకులు పుట్టిస్తుంది. జబ్బు లేని గొర్రె నాలుకను అదే ఒత్తిడితో, అదే పదార్థంతో నింపి పక్కన పెట్టకపోతే ఆ చిత్రానికి అర్థం ఉండదు. జబ్బు గొర్రెను తాకే ముందు వైరస్ భద్రత ఏర్పాట్లు, జంతువుల మీద ప్రయోగాలను పర్యవేక్షించే సంస్థాగత నైతిక కమిటీ అనుమతి తప్పనిసరి.

అనుభవం సంపాదించడానికి మాత్రం ప్రయోగ జంతువులే అక్కర్లేదు. మాంసం కోసం ఎలాగూ కోసిన గొర్రె కిడ్నీ చాలు. కోసిన కొద్ది నిమిషాల్లోనే ధమనిలో గొట్టం పెట్టి, హెపారిన్ కలిపిన సెలైన్ పంపి, సిర నుంచి తేటగా ద్రవం వచ్చేదాకా ఆగి, అప్పుడు బేరియం జెలటిన్ ఎక్కించాలి. ఐస్‌లో చల్లబరిచి, అడ్డంగా ఒక కోత పెడితే నింపిన ధమనుల ముఖాలు తెల్లగా కనిపించాలి. ఎక్కడో ఒక మూల కిడ్నీ ముక్క ఎర్రగానే మిగిలి ఉంటే, అక్కడి కొమ్మలోకి సెలైన్ కూడా పోలేదని అర్థం. అలాంటి కిడ్నీని స్కానర్‌లో పెట్టి ప్రయోజనం లేదు, ఇంకోదాంతో మళ్లీ మొదలుపెట్టాలి.